వానలకు ముందు గడ్డికి చెయ్యవలసిన పనులు

శరదృతువు రాగానే చలిదేశాల్లో ఇంటి ముందు పచ్చికకి పెద్ద హడావుడి మొదలవుతుంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళని అడిగి చూడండి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో శనాదివారాలు గడ్డి పనికే సరిపోతాయంటారు. రాలిన ఆకులు పోగుచేసి ఎత్తాలి, నేలకి చిల్లులు పొడవాలి, పలచబడ్డ చోట కొత్త విత్తనం చల్లాలి, మంచు పడేలోగా ఎరువు వెయ్యాలి. అక్కడ పచ్చికకి ముఖ్యమైన కాలం అదే.

మరి మద్రాసులో చలేది? జనవరిలో తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోయే ఊరు మనది. అందుకని ఇక్కడ గడ్డికి ముందుజాగ్రత్తలేం అక్కర్లేదనుకుంటాం. కాని మన గడ్డికీ ఒక గడ్డుకాలం ఉంది. అది మంచు రూపంలో కాకుండా నీళ్ళ రూపంలో వస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. టెక్సాస్‌లో, డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో చాలా ఇళ్ళ ముందు పెంచేది బెర్ముడా గ్రాస్. పేరు మారింది గాని అది మన గరికే. వినాయక చవితికి రెండేసి పోచలుగా పెట్టే దూర్వ, ఇక్కడి తమిళులు అరుగంపుల్ అనేది, అక్కడ డబ్బు పోసి పెంచేది, అన్నీ ఒకటే మొక్క. అక్కడ చలికి పైన గోధుమరంగుకి మారి నిద్రపోతుంది. నేలలోని కాండం బతికే ఉంటుంది కాబట్టి వసంతంలో మళ్ళీ లేస్తుంది. ఇక్కడి గరికకి ఆ నిద్ర లేదు. ఏడాది పొడుగునా మెలకువగానే ఉంటుంది, కార్తీకంలో మాత్రం నీళ్ళల్లో మునుగుతుంది.

మన పేట సంగతి

మద్రాసులో ఏడాదికి పడే వాన సుమారు 1400 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు ఈ మూడు నెలల్లోనే పడుతుంది. హైదరాబాదులో వానలు తగ్గుముఖం పట్టాక మనకి అసలు వానలు మొదలవుతాయి. ఈశాన్య ఋతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో వస్తాయి. అంటే చవితికీ దీపావళికీ మధ్య ఉన్న రోజులే మనకి దొరికే వ్యవధి.

వ్యాసర్పాడి పల్లపు నేల. ఒకవైపు బకింగ్‌హామ్ కాలువ, ఇంకోవైపు కెప్టెన్ కాటన్ కాలువ. గట్టిగా ఒక పూట వాన కురిస్తే గణేశపురం సబ్‌వే నిండిపోతుంది, బస్సులు చుట్టు తిరిగి వెళ్ళాలి. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను తెచ్చిన వాన మన క్లాసులో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ తుపాను మరునాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడా అక్కడా తడిసింది మనవాళ్ళే.

ఇలాంటి ఇరుకు పేటలో పచ్చిక ఎక్కడుంది అంటారేమో. ఇళ్ళ ముందు లేదు, నిజమే. బడి మైదానాల్లో, పార్కుల్లో, గుడి వెనక, కాలేజీ ఆవరణల్లో ఉంది. వ్యాసర్పాడి అంటే మద్రాసులో ఫుట్‌బాల్‌కి పేరు. బ్రెజిల్‌తో పోల్చి చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ మగపిల్లలే కాదు, ఆడపిల్లలూ ఆడతారు. వానలు వెళ్ళాక మైదానంలో గడ్డి మిగిలిందా, గతుకుల బురద మిగిలిందా అన్నదాన్ని బట్టే జనవరిలో వాళ్ళ ఆట ఉంటుంది. ఎండిన గతుకుల నేలమీద పరిగెత్తితే మడమ మెలిపడుతుంది, పడితే మోకాలు చెక్కుకుపోతుంది. గడ్డి ఉన్న నేల కాస్త మెత్తగా పట్టుకుంటుంది. కాబట్టి దీన్ని డబ్బున్నవాళ్ళ ముచ్చటగా తీసిపారెయ్యకండి.

నీళ్ళల్లో గడ్డి ఎందుకు పోతుంది?

నీళ్ళు ఎక్కువై కుళ్ళిపోతుందని మామూలుగా అంటాం. అసలు కారణం గాలి. వేళ్ళు కూడా ఊపిరి పీల్చుకోవాలి. మట్టి రేణువుల మధ్య ఉండే చిన్న చిన్న సందుల్లో గాలి ఉంటుంది. నీరు నిలిస్తే ఆ సందులు నిండిపోతాయి, ఉన్న కాస్త ప్రాణవాయువు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. గరిక మొండిది, కొన్ని రోజులు మునిగినా తట్టుకుంటుంది. అందం కోసం వేసే కొరియన్ గడ్డికి అంత ఓర్పు లేదు.

రెండో కారణం మన కాళ్ళు. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు దానిమీద నడిస్తే ఆ సందులన్నీ మూసుకుపోతాయి. ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. తర్వాత పడిన వాన ఇంకదు, పైనే నిలుస్తుంది.

మూడోది వెలుతురు. డిసెంబరులో పగలు పదకొండున్నర గంటల లోపే. పైగా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. నలభై అడుగుల ఎత్తున్న భవనం నీడ జూన్ మధ్యాహ్నం దక్షిణం వైపు ఏడెనిమిది అడుగులే పడుతుంది. అదే భవనం నీడ డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరం వైపు దాదాపు ముప్ఫై అడుగులు పడుతుంది. భవనానికి ఉత్తరాన ఉన్న గడ్డి ఏటా డిసెంబరులో పలచబడుతుంటే దిష్టి తగిలిందనుకోకండి. గరికకి ఎండ కావాలి, ఆ నెలలో అక్కడ ఎండ లేదు, అంతే. అలాంటి చోట వెడల్పాకు గడ్డి వెయ్యడం మేలు. నర్సరీల్లో దాన్ని బఫెలో గ్రాస్ అని అమ్ముతారు. నీడకి అది బాగా ఓర్చుకుంటుంది.

చవితి నుంచి దీపావళి దాకా

మొట్టమొదట నీటి దారి చూడాలి. ఒక అడుగు లోతు గుంట తవ్వి సాయంత్రం నిండా నీళ్ళు పోయండి. తెల్లవారేసరికి ఇంకిపోతే ఆ నేలకి భయం లేదు. ఇంకా నిలిచే ఉంటే అక్కడినుంచి నీరు బయటికి పోయే దారి చెయ్యాలి. చిన్న వాలు, జానెడు వెడల్పు కాలువ చాలు. చాలా చోట్ల కాలువ ఉండనే ఉంటుంది, బిస్కెట్ కవర్లూ టీ కప్పులూ పడి మూసుకుపోయి ఉంటుంది. దాన్ని తీయించడమే సగం పని.

తర్వాత నేలకి చిల్లులు పొడవాలి. గునపంతో గాని, మొన ఉన్న ఇనుప కడ్డీతో గాని మూడు నాలుగు అంగుళాల లోతున, జానెడు జానెడు దూరంలో పొడిస్తే సరి. నేల మరీ ఎండి ఉంటే గునపం దిగదు, మరీ తడిగా ఉంటే చిల్లు గోడలు మెత్తుకుపోయి పూడిపోతాయి. చిరుజల్లు పడిన మూడోరోజు మంచి అదను. ఆ చిల్లుల్లోకి ఇసుక ఊడ్చాలి. ఇసుక, మంచి మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి పైన పలచగా చల్లొచ్చు. చల్లాక కూడా గడ్డి కొసలు కనబడుతూ ఉండాలి. మందంగా వేస్తే మనమే పాతిపెట్టినట్టవుతుంది.

పలచబడిన చోట గరిక నాటడానికి సెప్టెంబరు మంచిది. విత్తనం అక్కర్లేదు. పాకిన తీగని మూడు నాలుగు కణుపులు ఉండేలా తుంచి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాలుగేసి అంగుళాల దూరంలో గుచ్చితే చాలు. మట్టి తగిలిన ప్రతి కణుపూ వేరు వేస్తుంది. పెద్ద వానలు వచ్చేలోగా నెల, నెలన్నర వ్యవధి దొరికితే నేలని పట్టేసుకుంటుంది.

కోత విషయంలో చాలా చోట్ల జరిగేది ఒకటే. వానలకి ఎలాగూ పెరుగుతుంది కదా అని దీపావళికి ముందు గడ్డిని నున్నగా గొరిగించేస్తారు. అది గడ్డికి మంచిది కాదు. ఆకే వేరుకి అన్నం వండి పెట్టేది. ఒక కోతలో ఎత్తులో మూడోవంతుకి మించి తియ్యకూడదు. ఈ కాలంలో రెండు అంగుళాల ఎత్తు ఉంచాలి. అలాగని మోకాలెత్తు పెరగనివ్వడం కూడా మంచిది కాదు, పురుగూ పుట్రా చేరుతాయి.

ఎరువు సెప్టెంబరు మధ్యలోనే వేసెయ్యాలి, అదీ కొంచెంగా. అక్టోబరు చివర యూరియా చల్లితే వాన దాన్ని కడిగి కాలువలో పోస్తుంది. కాలువల్లో గుర్రపుడెక్క దట్టంగా పెరగడానికి ఇలా కొట్టుకొచ్చే ఎరువూ, మురుగూ కారణమే. పైగా యూరియా తిన్న గడ్డి లేతగా, నీరు పట్టి పెరుగుతుంది. తడిలో బూజు తెగులు ముందు పట్టేది అలాంటి గడ్డికే. ఈ కాలంలో గడ్డికి ఎక్కువ ఉపయోగపడేది పొటాష్, తెగుళ్ళను తట్టుకునే బలాన్ని ఇస్తుంది. చిన్న జాగా అయితే కట్టెల బూడిద పలచగా చల్లినా కొంత అందుతుంది.

వాన పడుతున్నన్నాళ్ళూ

ఈ రెండు నెలలూ చెయ్యవలసిన పని తక్కువ, చెయ్యకూడని పనే ఎక్కువ. తడిసిన గడ్డి మీద అడ్డదారిన నడవకూడదు. పదిమంది రోజూ ఒకే దారిన నడిస్తే వారం తిరిగేసరికి గడ్డి పోయి బాట మిగులుతుంది. గాలివానకి విరిగిన కొమ్మలూ, బాదం ఆకుల్లాంటి పెద్ద ఆకులూ గడ్డిమీద పడితే మర్నాడే తీసెయ్యాలి. వాటి కింద వెలుతురు అందక గడ్డి పసుపుపచ్చగా మారుతుంది.

నీటి గుంటల్ని వదిలెయ్యకూడదు. దోమ గుడ్డు దోమగా మారి ఎగరడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆలోగా ఆ నీటిని కాలువలోకి తోసేస్తే దోమల బాధ కొంత తగ్గుతుంది.

వరద నీరు వచ్చి తీసిన చోట ఇంకో జాగ్రత్త ఉంది. మన పేటలో వరదంటే వాననీరొక్కటే కాదు, మురుగు కూడా కలుస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల ఎలుక జ్వరం వస్తుంది. కాలికి చిన్న గీత ఉన్నా లోపలికి పోతుంది. చెప్పుల్లేకుండా ఆ గడ్డిమీదకి వెళ్ళొద్దు, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ వెళ్ళనివ్వొద్దు. శుభ్రం చేసేవాళ్ళకి బూట్లూ గ్లవ్స్‌లూ ఉండాలి. ఆవరణ ఊడ్చే ఆయమ్మకి చీపురిచ్చి, గ్లవ్స్ అడిగితే రేపు చూద్దాం అనే చోట పచ్చిక ఎంత అందంగా ఉండి ఏం లాభం? గడ్డిమీద పేరుకున్న ఒండ్రుని ఆరి అట్టకట్టకముందే మెల్లగా గీకి తియ్యాలి. పలచటి పొర మిగిలినా గరిక దాన్ని చీల్చుకుని వస్తుంది.

సంక్రాంతి నాటికి

ముగ్గుల రోజులకి వానలు తగ్గి నేల గుల్లగా ఉంటుంది. తుంగ తియ్యడానికి అదే అదను. తుంగని పైన పీకితే లాభం లేదు. కింద గొలుసులా ముస్తలు ఉంటాయి, ఒక్కటి మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. తొలికతో కిందిదాకా తవ్వి ముస్తలతో సహా ఏరాలి. సున్నిపిండిలో మన అమ్మమ్మలు కలిపే తుంగముస్తలు ఇవే. అవసరమైన చోట మందు, అక్కర్లేని చోట కలుపు. గరికా అంతే. చవితినాడు పూజకి ఎక్కుతుంది, రాయలసీమ నల్లరేగడి చేలో రైతు చేత తిట్లు తింటుంది.

అప్పుడు రెండో విడత ఎరువు వెయ్యొచ్చు, వారానికోసారి కోత మొదలుపెట్టొచ్చు.

ఒక మాట

బురద గొడవ లేకుండా నేలంతా సిమెంటు రాళ్ళు పరిచేస్తే పోలా అని అనేవాళ్ళున్నారు. చాలా ఆవరణల్లో అదే జరుగుతోంది కూడా. ఊడ్చుకోవడం తేలిక, ఫొటోల్లో బాగుంటుంది. కాని సందు లేకుండా పరిచిన ఆ రాళ్ళ మీద పడిన వాన నేలలోకి ఇంకదు, పక్కవాళ్ళ వాకిట్లోకి పోతుంది. మన పేటలాంటి పల్లంలో ఆ నీరు చివరికి చేరేది కాలువ ఒడ్డున ఉన్న ఇళ్ళల్లోకే. గడ్డి ఉన్న నేల వరదని ఆపలేదు, అంత గొప్ప చెప్పను. తనమీద పడిన నీటిలో కొంత తాగుతుంది, మిగతాదాన్ని నిదానంగా వదులుతుంది. వేసవిలో బోర్లలో నీళ్ళు అడుగంటే ఊరికి ఆ కొంతా తక్కువేం కాదు.

తెలుగులో కసవు అనే పాతమాటకి గడ్డి అనీ అర్థముంది, చెత్త అనీ అర్థముంది. మన ఆవరణలో ఉన్నది ఏ కసవో నిర్ణయించవలసింది మనమే. మన డిపార్ట్‌మెంట్‌కి ఉత్తరం వైపున్న జాగా ఇప్పటికే పలచబడింది. ఈ నెలాఖరులోగా ఒక శనివారం పొద్దున రెండు గంటలు కేటాయిస్తే చిల్లులు పొడిచి, వెడల్పాకు గడ్డి నాటడం అయిపోతుంది. గునపాలు రెండు చాలు. మేడమ్‌లు అనుమతిస్తే వచ్చేవాళ్ళు ఈ కాగితం కిందనే పేరు రాయండి.