ఆకు తిప్పి చూశారా?

పత్తి, మిరప చేల నడుమ ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో కుండీ మొక్క ఆకు మాడితే చెయ్యి ముందుగా మందు డబ్బా మీదికే పోతుంది. తప్పు మాత్రం చాలాసార్లు నీళ్లది, మట్టిది, వెలుతురుది.

పురుగు గురించి ఆదోనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వైపు మిరప తోటలున్నాయి. అక్కడి కాయ సరిహద్దు దాటి కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్ దాకా పోతుంది. తెల్లదోమ, పచ్చదోమ, తామర పురుగు, పిండినల్లి అనే మాటలు ఇక్కడ టీ బంకు దగ్గర కూడా వినబడతాయి. ఇప్పుడు ఇవే ఊళ్లలో మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, ఎరికా పామ్ హాల్లోకి, పడకగదిలోకి వచ్చి చేరాయి. తులసి ఎప్పటినుంచో ఉన్నదే. వీటిలో దేని ఆకు పసుపు పడినా, కొస మాడినా, చేనులో పడిన అలవాటే ఇంట్లోనూ ముందుకొస్తుంది: ఏదో పట్టినట్టుంది, ఒక మూత మందు కలిపి కొట్టేద్దాం. ఈ వరుస తిరగబడాలి. పురుగును కళ్లారా చూసేదాకా ఇంట్లో మొక్కకు పురుగుమందు ముట్టించకూడదు. పట్నపు సుకుమారంతో చెబుతున్న మాట కాదిది. తెలుగు నేల మీద పత్తి, మిరప రైతులు దశాబ్దాలుగా డబ్బు పోసి కొనుక్కున్న పాఠం.

చేను ఇచ్చిన సాక్ష్యం

పత్తి ఆకు ఎర్రబడటాన్నే తీసుకుందాం. పచ్చదోమ రసం పీలిస్తే ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి. అంచు ముందు పసుపు పడి, తర్వాత ఎర్రబడి, చివరికి కాలినట్టు ఎండిపోతుంది. మెగ్నీషియం తగ్గినా ఆకు ఎర్రబడుతుంది. అయితే అప్పుడు ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం రంగు మారుతుంది. అదీ కింది ముదురాకుల్లో మొదలవుతుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి రెండూ ఒకటే ఎరుపు. సాలులోకి దిగి ఆకు తిప్పితే ఒకదాని వెనక పిల్ల పురుగులు అడ్డంగా పరుగెత్తుతూ కనిపిస్తాయి, రెండోదాని వెనక ఏమీ ఉండదు. ఆ రెండోదానికి కావలసింది మెగ్నీషియం సల్ఫేట్. ఎంత ఖరీదైన పురుగుమందు కొట్టినా దాని లోటు తీరదు. మిరపలోనూ అంతే. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, తెల్లనల్లి పడితే కిందికి. ఒకటి ఆరు కాళ్ల కీటకం; రెండోది ఎనిమిది కాళ్లది, సాలీడుకు చుట్టం. అందుకే కీటకాల కోసం తయారైన మందుల్లో చాలావాటికి నల్లి చావదు.

గుర్తింపు తప్పితే, లేదా గుర్తించకుండానే కొడితే ఏమవుతుందో కూడా చేలే చెప్పాయి. 1980ల మధ్యలో కోస్తా జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచెత్తింది. సింథటిక్ పైరిత్రాయిడ్లను విచక్షణ లేకుండా వాడటం దానికి ముఖ్య కారణాల్లో ఒకటని శాస్త్రవేత్తలు తేల్చారు. కాయతొలుచు పురుగు కోసం కొట్టిన మందు, తెల్లదోమను అదుపులో ఉంచే మిత్ర కీటకాలను తుడిచిపెట్టింది. 2021లో మిరప పూతను నల్ల తామర పురుగు కమ్మేసింది. దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట గుర్తించిన ఈ కొత్త రకాన్ని పాత తామర పురుగే అనుకుని, దొరికిన మందల్లా మార్చి మార్చి కొట్టినవారికి ఖర్చే మిగిలింది. పైరిత్రాయిడ్లు ఆపండి, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, పూలు దులిపి చూడండి అని శాస్త్రవేత్తలు మొత్తుకోవాల్సి వచ్చింది. వందల ఎకరాల్లో జరిగిన ఈ తప్పు ఒక కుండీలో జరిగితే నష్టం చిన్నదే కావచ్చు. తర్కం మాత్రం అదే.

ఇంటి లోపల అనుమానితులు వేరు

ఇంట్లో మొక్క ఆకు పాడైనప్పుడు మొదట అనుమానించాల్సింది కుండీలోని మట్టిని. ఈ ప్రాంతంలో చేతికి అందేది నల్లరేగడి. చేనులో అది బంగారం. కుండీలో అది ఉరితాడు. తడిస్తే ఉబ్బి గాలి ఆడనివ్వదు, ఆరితే కుంచించుకుపోయి కుండీ అంచుకూ మట్టికీ మధ్య సందు వదులుతుంది. అప్పుడు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కింది పళ్లెంలో చేరతాయి, వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. తడి ఎక్కువైనప్పుడేమో వేళ్లకు ఊపిరాడక కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంది. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తారు. మట్టి మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే వాటికీ మందు వెతుకుతారు. ఆ ఈగలు తడి ఎక్కువైందని చెప్పే గుర్తు. వేలు రెండంగుళాలు దించి, తడి తగిలితే నీళ్లు పోయకుండా ఉండటమే దానికి మందు.

రెండో అనుమానితుడు నీళ్లు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందే వీధుల మాట ఒక రకం, బోరు మీద బతికే వీధుల మాట మరో రకం. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుందంటే నీళ్లలో లవణాలు ఎక్కువని అర్థం. ఆ లవణాలు ఆకు కొసలకు చేరి పేరుకుంటాయి; కొస గోధుమరంగుకు తిరిగి, మాడిన చోటికీ పచ్చటి చోటికీ మధ్య సన్నని పసుపు గీత ఏర్పడుతుంది. కర్నూలు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లున్న పల్లెలున్నాయి. డ్రసీనా, స్పైడర్ ప్లాంటు వంటివి ఫ్లోరైడ్‌ను అసలు ఓర్చుకోవు. వృథా చేయడమెందుకని ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఉద్దేశం మంచిదే. కానీ మనం తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. సున్నం ఎక్కువున్న మట్టిలో, నీటిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు; లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. వేరుశనగ రైతులకు ఇది బాగా తెలిసిన లక్షణం.

మూడోది వెలుతురు, గాలి. మందపు గోడల పాత మిద్దె ఇళ్లలో వెలుగు గవాక్షిలోంచి పైనుంచి పడుతుంది; గది మూలనున్న మొక్క సన్నగా సాగి, కింది ఆకులు రాల్చుకుంటుంది. దానికి విరుద్ధంగా, పడమటి కిటికీ అద్దానికి ఆనించిన మొక్కకు ఏప్రిల్, మే ఎండలో కిటికీ వైపు ఆకుల మీద మాత్రమే తెల్లబోయిన మచ్చలు వస్తాయి. ఒకే వైపు మచ్చలున్నాయంటే దాదాపుగా అది ఎండ పనే. పురుగు దిక్కులు చూసుకుని తినదు.

ఇన్ని కారణాల్లో ఏది నిజమో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. ఏ ఆకు ముందు పాడైంది? ముదురాకులు ఒకే రీతిన పసుపు పడితే నత్రజని లోటో, నీటి తేడానో. లేతాకులు పాలిపోతే ఇనుము లోటో, రసం పీల్చే పురుగో. ఆకులో ఎక్కడ? కొసలు, అంచులైతే లవణాలు, పొడిగాలి. ఎక్కడ పడితే అక్కడ చుక్కలైతే పురుగు కావచ్చు. ఆకు వెనక ఏముంది? అసలు తీర్పు ఈ మూడోదానిదే.

పురుగే అయితే

పురుగు తన గుర్తు వదలకుండా పోదు. ఆకు పైభాగాన సూదితో పొడిచినట్టు లేత చుక్కలుండి, వెనక సన్నని గూడు ఉంటే ఎర్రనల్లి. తెల్ల కాగితం కింద పెట్టి ఆకును తట్టండి. పడిన దుమ్ములో కొన్ని రేణువులు నడవడం మొదలుపెడితే ఇక సందేహం లేదు. వెండిపూత లాంటి మరకలు, వాటి మీద మిరియపు పొడి లాంటి నల్ల చుక్కలు తామర పురుగువి. కణుపుల సందుల్లో దూది అంటుకున్నట్టుంటే పిండినల్లి. ఆకు, నేల జిగురుగా ఉండి చీమలు తిరుగుతుంటే పేనుబంకో పొలుసు పురుగో. ఆ జిగురు మీదే తర్వాత నల్లటి మసి పెరుగుతుంది. తులసి ఆకులు చుక్కలు పడి ముడుచుకుంటే వెనక్కి తిప్పండి. జల్లెడ లాంటి రెక్కలున్న చిన్న పురుగులు, వాటి పెంట తారు చుక్కల్లా కనిపిస్తే అది తులసి మీద బతికే లేస్ బగ్.

పశ్చిమ కర్నూలు వేసవిలో ఇంటి మొక్కకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఎర్రనల్లే. ఎండ వేడి, పొడిగాలి దానికి పండగ. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం పది రోజులు సరిపోతాయి. మరి ఇంట్లో సాధారణంగా ముందు చేతికందే పైరిత్రాయిడ్ స్ప్రేలు నల్లిని అదుపు చేయకపోగా ఒక్కోసారి ఇంకా పెంచుతాయి. వారానికి రెండుసార్లు ఆకు వెనక భాగాన్ని నీటి ధారతో కడిగితే తగ్గే దాన్ని మందుతో పెంచుకోవడం విడ్డూరం. పిండినల్లికి సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూది చాలు. మిగతావాటికి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుతో, ఎండ వాలాక.

‘ముందే కొడితే పోలా?’

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఇదే: పురుగు కనబడేసరికి ఆలస్యమవుతుంది, ముందుజాగ్రత్తగా కొడితే నష్టమేంటి? ఇందులో నిజం కొంత ఉంది. ఇంటి లోపల వాన ఆకులు కడగదు, అక్షింతల పురుగులు వచ్చి పేనుబంకను తినవు; ఒకసారి పురుగు చేరిందంటే అడ్డూ అదుపూ ఉండదు. కానీ దాని నుంచి తేలేది వారానికోసారి చూడాలని. గుడ్డిగా కొట్టాలని కాదు. ముందుజాగ్రత్త నిజంగా పనికొచ్చేది గడప దగ్గర. కడియం నుంచో కర్నూలు నర్సరీ నుంచో తెచ్చిన కొత్త మొక్కను రెండు వారాలు విడిగా ఉంచితే దాంతో వచ్చే పురుగు మిగతావాటికి అంటదు. మందారం పత్తి కుటుంబానిదే కనుక చేనులోని పిండినల్లి, తెల్లదోమ దాని మీద హాయిగా బతుకుతాయి. దాన్ని హాల్లోకి తెచ్చేముందు ఇంకాస్త పరిశీలనగా చూడాలి.

ఇక మోతాదు సంగతి. చేను మందుల లెక్క ఎకరాకు 200 లీటర్ల ద్రావణం మీద ఉంటుంది. పత్తిలో వాడే ఇమిడాక్లోప్రిడ్‌కు లీటరుకు సుమారు 0.3 మిల్లీలీటర్లు. కుండీకి సరిపడే పావు లీటరు సీసాకు 0.1 కంటే తక్కువ. ఐదు మిల్లీలీటర్ల మూతతో పోస్తే అది అరవై రెట్లకు పైనే. అదీ తలుపులు మూసిన గదిలో, పిల్లలు పాకే నేల మీద. అత్యంత విషపూరితమని చెప్పే ఎర్ర త్రికోణం ముద్రున్న మందుల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిలో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది; అయినా 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం నూనెలో అదే కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. చేను మందు వంటిల్లు చేరితే జరిగేది అది. తులసి దళం తీర్థంలో వేసుకుని నోట్లో పెట్టుకునే ఇళ్లలో ఈ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం రాకూడదు.

ఫోన్‌లో ఫొటో తీస్తే రోగం పేరు చెప్పేస్తుంది కదా అనేది ఇంకో మాట. 2017లో ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాల తోడ్పాటుతో ప్లాంటిక్స్ యాప్ తెలుగులోకి వచ్చింది. అలాంటివి రైతుకు ఉపయోగమే. అయితే 2016లో 54 వేలకు పైగా ఆకు ఫొటోలతో తర్ఫీదు పొందిన ఒక కంప్యూటర్ నమూనా, అదే తరహా ఫొటోల మీద 99 శాతం పైగా సరిగ్గా చెప్పి, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద 31 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత సాంకేతికత మెరుగైన మాట నిజమే. అయినా కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో, నీళ్లు బోరువో కాలువవో ఆకు ఫొటోలో కనబడదు. యాప్ చెప్పే పేరును అనుమానంగా తీసుకోవాలి, తీర్పుగా కాదు. అప్పటికీ తేలకపోతే ఆకును కవర్లో పెట్టుకుని ఆదోని వ్యవసాయ పరిశోధన స్థానానికో, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లవచ్చు.

వంద రూపాయల మొక్కకు ఇంత రాద్ధాంతమెందుకు, పారేసి కొత్తది తెచ్చుకుంటే పోదా అనేవారూ ఉన్నారు. మట్టి అదే, నీళ్లు అవే, కిటికీ అదే అయినప్పుడు కొత్త మొక్కకూ పాత గతే పడుతుంది. కారణం కుండీలోనో కొళాయిలోనో ఉంటే మొక్క మార్చి ఏం లాభం? కనుక ఒకసారి ఒక్క మార్పే చెయ్యండి: నీళ్లు మార్చండి, లేదా మట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలపండి, లేదా కుండీని జరపండి. రెండు మూడు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తేలదు. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. దాన్ని చూసి కంగారు పడి ఇంకో మందు కొనొద్దు. నిర్ధారణ సరైనదో కాదో తేల్చేది తర్వాత విచ్చుకునే ఆకే. అది శుభ్రంగా వస్తే కారణం దొరికినట్టు. రాకపోతే, మళ్లీ మొదటి ప్రశ్న నుంచి మొదలు.