సుడిదోమకూ మనిషికీ ఒకే తూము

పొట్ట దశకు వచ్చిన వరిచేలో దిగి, ఒక దుబ్బును రెండు చేతులతో పాయదీసి చూస్తే, మొదళ్ల దగ్గర నీటికి కాస్త పైన గోధుమరంగు పురుగులు గుంపుగా అంటుకుని కనిపిస్తాయి. దుబ్బును చేత్తో తడితే నీళ్లలోకి రాలతాయి. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట రైతులకు సుడిదోమను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కొన్నాళ్లు ఏమరుపాటుగా ఉంటే పచ్చని చేను నడుమ సుడులు సుడులుగా ఎండి, నిప్పంటుకున్నట్టు అయిపోతుంది. దోమపోటు అనేది దాన్నే.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. వరి వెంట పురుగూ, పురుగు వెంట మందూ వచ్చాయి. ఇప్పుడు పురుగుమందుల దుకాణంలో అరల నిండా ఉన్న డబ్బాల్లో చాలావాటి గురి ఒక్కటే: నాడుల మధ్య నడిచే ఒక రసాయన సందేశం, దాన్ని అందుకోవడానికి కణం పైపొరలో ఉండే ఒక చిన్న ప్రొటీన్. దాన్నే రిసెప్టర్ అంటారు, తెలుగులో గ్రాహకం. సుడిదోమ తలలో ఉన్న ఆ గ్రాహకానికి దగ్గరి చుట్టం మందు కొట్టే మనిషి కండరాల్లోనూ ఉంది.

కణం చుట్టూ కొవ్వు పదార్థంతో అల్లిన పలుచని పొర ఉంటుంది. చాలా సందేశ అణువులు దాన్ని దాటి లోపలికి పోలేవు. అందుకే ఆ పొరలో సగం బయటికి, సగం లోపలికి ఉండేలా గ్రాహకాలు నాటుకుని ఉంటాయి. చెయ్యి ఎత్తాలని మెదడు అనుకున్నప్పుడు నాడి కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే అణువులు విడుదలవుతాయి. ఇరుకైన సందు దాటి కండరం మీది గ్రాహకాల్లో కూర్చుంటాయి. వాటిని అక్కడ పట్టి ఉంచేవి ఆకారం, విద్యుదావేశం. అసిటైల్‌కోలిన్‌కు ఒకవైపు ధనావేశం ఉంది. గ్రాహకంలోని గుంట దానికి సరిపడేలా ఏర్పడింది.

కండరం మీద ఉండే రకాన్ని నికోటినిక్ గ్రాహకం అంటారు. ఐదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడి నడుమ ఒక రంధ్రాన్ని కాపాడుతుంటాయి. దీన్ని సాగర్ కాలువ తూముతో పోల్చవచ్చు. మామూలుగా షట్టర్ దించి ఉంటుంది. రెండు అసిటైల్‌కోలిన్ అణువులు వచ్చి కూర్చోగానే ఐదు ముక్కలూ కాస్త మెలితిరిగి రంధ్రం తెరుచుకుంటుంది. సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, కండరం బిగుసుకుంటుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు లెక్కలో జరిగిపోతుంది. తెరవడం ఎంత ముఖ్యమో మూయడమూ అంతే ముఖ్యం. పక్కనే కాచుకుని ఉండే అసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ సెకనుకు వేల అణువులను విరగ్గొట్టి సందును శుభ్రం చేస్తుంది. అప్పుడే కండరం సడలుతుంది.

అదే అసిటైల్‌కోలిన్‌కు శరీరంలో ఇంకో రకం గ్రాహకం కూడా ఉంది. అది మస్కారినిక్. ఉమ్మి గ్రంథుల్లో, కన్నీటి గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో, గుండెలో ఉంటుంది. దానికి రంధ్రం లేదు. ఒకే ప్రొటీన్ దారం కణపొరను ఏడుసార్లు దాటుతూ అల్లుకుని ఉంటుంది. బయట అణువు కూర్చుంటే లోపలి కొస కదిలి, అక్కడున్న జీ-ప్రొటీన్‌ను లేపుతుంది. అది ఇంకో ఎంజైమ్‌ను లేపుతుంది. అలా మెట్టుమెట్టుకూ సందేశం పెరుగుతూ పోయి, గ్రంథి ఊరడమో, గుండె నెమ్మదించడమో జరుగుతుంది. ఈ కుటుంబపు గ్రాహకాలు మనిషిలో దాదాపు 800 ఉన్నాయి. వాటి గుట్టు విప్పినందుకే రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కొబిల్కాలకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

కణం మీద ఇలాంటి పదార్థమేదో ఉండి తీరాలని ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ 1905లోనే రాశాడు. నాడిని కోసేసినా కోడి కండరం నికోటిన్ తగలగానే బిగుసుకోవడం ఆయన చూశాడు. కానీ ఆ పదార్థాన్ని విడిగా పట్టుకోవడానికి పాము సాయం కావాల్సి వచ్చింది. తైవాన్‌లో దొరికే కట్లపాము జాతి విషం నుంచి 1963లో ఒక ప్రొటీన్‌ను వేరుచేశారు. అది నికోటినిక్ గ్రాహకాన్ని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఆ పట్టునే ఆధారం చేసుకుని 1970 ప్రాంతంలో విద్యుత్ చేపల కణాల్లోంచి గ్రాహకాన్ని బయటికి తీయగలిగారు.

పొలం గట్ల మీద తిరిగే నాగుపాము విషంలోనూ అలాంటి ప్రొటీనే ఉంది. అది కండరాల మీది గ్రాహకాన్ని మూసేస్తుంది. అందుకే నాగుపాము కాటులో ముందుగా కనురెప్పలు వాలతాయి, ఆ తర్వాత మింగడం, ఊపిరి కష్టమవుతాయి. డాక్టర్లు విషానికి విరుగుడు ఇస్తూ, నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ కూడా చేస్తారు. అది పైన చెప్పిన ఎంజైమ్‌ను కొద్దిసేపు ఆపుతుంది. అసిటైల్‌కోలిన్ పోగై, మిగిలి ఉన్న గ్రాహకాల కోసం విషంతో పోటీ పడుతుంది. మన కట్లపాము విషం మాత్రం నాడి కొసనే పాడుచేస్తుంది కాబట్టి అక్కడ ఈ ఇంజెక్షన్ అంతగా పని చేయదు.

ఇక పురుగు సంగతి. పొగాకు కషాయం చల్లితే పురుగు చస్తుందని పాతకాలం రైతులకు తెలుసు. అందులోని నికోటిన్ మనిషికీ ప్రమాదమే. 1991లో అమ్మకానికి వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఆ చిక్కును తెలివిగా దాటింది. నికోటిన్ గ్రాహకంలో కూర్చునేది తన ధనావేశంతో. ఇమిడాక్లోప్రిడ్ కొసన మాత్రం రుణావేశపు ఛాయ ఉంటుంది. పురుగుల గ్రాహకంలో దాన్ని పట్టి ఉంచే ధనావేశపు చోటు ఉంది, మన గ్రాహకంలో ఆ అమరిక లేదు. ఒకే కుటుంబపు రెండు ప్రొటీన్ల మధ్య ఉన్న ఈ చిన్న తేడా మీద కోట్ల రూపాయల వ్యాపారం నిలబడి ఉంది.

కానీ సుడిదోమ ఊరుకోలేదు. ప్రయోగశాలలో తరాల తరబడి ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకుని బతికిన సుడిదోమల్లో గ్రాహకపు ఒక్క అమైనో ఆమ్లం మారిపోయిందని 2005లో తేలింది. 151వ స్థానంలో టైరోసిన్ పోయి సెరిన్ వచ్చింది, మందు పట్టు జారిపోయింది. పొలాల్లో దొరికిన పురుగులది ఎక్కువగా వేరే దారి. మందు గ్రాహకం దాకా చేరకముందే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌లను విపరీతంగా తయారు చేసుకుంటున్నాయి. ఒక డబ్బా పని చేయలేదని అదే కుటుంబానికి చెందిన మరో డబ్బా కొనడం వల్ల ఖర్చు పెరిగినంతగా పురుగు తగ్గకపోవడానికి ఇదే కారణం. పైగా పైరెత్రాయిడ్ల వంటి మందులు సుడిదోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను ముందు చంపేస్తాయి. పైమెట్రోజిన్ అనే మందు దారి వేరు. అది పురుగు కీళ్ల దగ్గర సాగుడును పసిగట్టే అవయవాల్లోని వేరే గ్రాహకాన్ని దెబ్బతీస్తుంది. పురుగు వెంటనే రాలదు, రసం పీల్చడం మానేసి ఆకలితో చస్తుంది. కొట్టిన మర్నాడే చూసి మందు నకిలీదనుకోకూడదు. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ మొదళ్లకు తగులుతాయి, మందు కూడా పురుగు ఉన్నచోటికి చేరుతుంది.

అసలు భయం ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లతో. వీటికి పురుగు, మనిషి అనే తేడా తక్కువ. నియోస్టిగ్మిన్ కొలతగా, కాసేపు చేసే పనిని ఇవి కొలత లేకుండా, విడవకుండా చేస్తాయి. ఎంజైమ్ ఆగిపోతుంది, అసిటైల్‌కోలిన్ పోగవుతుంది, గ్రాహకాలకు ఊపిరాడదు. ఈ రకానికే చెందిన ఫోరేట్ గుళికల నిషేధం 2020 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మిగతావాటిలో కొన్ని ఇంకా అమ్మకంలో ఉన్నాయి. వీపు మీద పంపు కారి చొక్కా తడిసినా, ఎదురుగాలిలో కొట్టినా ఇవి చర్మం గుండా ఒంట్లోకి దిగుతాయి. రోజు కూలికి మందు కొట్టే మనిషికి చేతి తొడుగులు, మాస్కు ఇవ్వకుండా పంపు ఎత్తించడం అన్యాయం.

విషం ఎక్కిన మనిషికి ఒళ్లంతా చెమటలు పడతాయి. నోటి వెంట చొంగ, కళ్ల వెంట నీళ్లు, సూదిమొనలా చిన్నదైపోయిన కంటిపాప, పిల్లికూతలు. ఇవన్నీ మస్కారినిక్ గ్రాహకాల పని. అప్పుడు ఇచ్చేది అట్రోపిన్. ఉమ్మెత్తలోనూ ఉండే ఈ అణువు మస్కారినిక్ గ్రాహకంలో కూర్చుంటుంది, కానీ దాన్ని కదిలించదు. అసిటైల్‌కోలిన్‌కు చోటు లేకుండా చేస్తుందంతే. పెద్దవాళ్లకు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఐదు నిమిషాలకోసారి డాక్టర్ స్టెతస్కోపుతో ఛాతీ వింటారు. గురగుర పోయి, గుండె వేగం నిమిషానికి 80 దాటేదాకా ప్రతిసారీ మోతాదు రెట్టింపవుతూ పోతుంది.

అయితే అట్రోపిన్‌కు కండరాల మీది నికోటినిక్ గ్రాహకంతో పని లేదు. ఊపిరితిత్తులు తేటపడ్డ మనిషికి కూడా ఊపిరి తీసే కండరాలు చచ్చుబడవచ్చు, ఒక్కోసారి రెండుమూడు రోజుల తర్వాత కూడా. అందుకే కాస్త తేరుకున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోకూడదు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రిలోనే ఉంచాలి. బయల్దేరేముందు తడిసిన బట్టలు విప్పి సబ్బునీళ్లతో ఒళ్లు కడగాలి. మందు డబ్బాను వెంట తీసుకెళ్లాలి. అట్రోపిన్ ఆర్గానోఫాస్ఫేట్లకూ కార్బమేట్ రకం మందులకూ విరుగుడు, ఇమిడాక్లోప్రిడ్‌కు కాదు. ఒంట్లో ఏ గ్రాహకం దెబ్బతిన్నదో డాక్టర్‌కు అందరికన్నా ముందు చెప్పేది ఆ డబ్బా మీది పేరే.