ఎర్ర గిటార్ ఆయుష్షు

తర్వాత క్వీన్ రాక్ బృందంలో గిటారిస్టయిన బ్రయాన్ మేకి 1963లో పదహారేళ్లు. లండన్ శివారు ఫెల్తమ్‌లో ఇల్లు. ఫెండర్ కంపెనీ గిటార్ కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, ఇంట్లో టీవీ కూడా సొంతంగా తయారుచేసుకున్న మనిషి. ఇద్దరూ కలిసి గిటార్ చేయడానికి పూనుకున్నారు. రెండేళ్లు పట్టింది.

ఒక పాత ఇంటి చలిమంట గూటి మహాగని చట్రం గిటార్‌కి మెడ అయింది. అందులో పురుగు తొలిచిన బొక్కను అగ్గిపుల్లలతో పూడ్చారు. ఒంట్లోకి పాత బల్ల ఓక్ చెక్క చేరింది. స్వరస్థానాల గుర్తులేమో అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ముచ్చటేసేది ట్రెమొలో. దాని కడ్డీ నొక్కితే తీగల బిగువు సడలి స్వరం కిందికి జారుతుంది. వదిలితే మళ్లీ సరిగ్గా మొదటి శ్రుతికే రావాలి. అప్పటి గిటార్లు చాలావాటికి చిక్కంతా ఇక్కడే: రాపిడికి తీగ ఎక్కడో పట్టేసేది, శ్రుతి తప్పేది. మే ఉక్కు పలకను కత్తి అంచు మీద త్రాసుకాడలా ఆనించాడు. ఒకవైపు ఆరు తీగలూ కలిసి 30 కిలోలకు పైగా లాగుతుంటే, ఇటు 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు రెండు ఎదురు నిలుస్తాయి. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర, రాపిడి తగ్గేలా, ఒక్కో తీగ కింద ఒక్కో చిన్న రోలరు. కడ్డీ చివరనున్నది అమ్మ అల్లికసూది ముక్క.

పికప్‌లు కూడా మొదట తనే చుట్టుకున్నాడు. అయస్కాంతం ముందు ఉక్కు తీగ కంపిస్తే చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది. కానీ తీగను పక్కకి లాగినప్పుడు ధ్వని తేడా చేసేది. అందుకని బర్న్స్ కంపెనీ ట్రైసోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. చుట్టలు వాటంతటవే అదిరి కీచుమనకుండా వాటిలో అరాల్డైట్ జిగురు పోసి గట్టిపరిచాడు. ఏ భాగం ఎందుకు ఉందో, ఏది ఎక్కడ ఇబ్బంది పెడుతుందో యజమానికి క్షుణ్ణంగా తెలియడమే ఈ వాయిద్యాన్ని బతికించిందని నా నమ్మకం.

మే దీన్ని బీరువాలో దాచలేదు. గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు పక్కన, క్వీన్ బృందంతో దేశదేశాలు తిప్పాడు. ప్లెక్ట్రమ్‌కి బదులు ఆరు పెన్నీల నాణెంతో మీటాడు. చెమటలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది, స్విచ్‌లలో దుమ్ము చేరి చిటపటమంటుంది, గాలిలో తేమ మారినకొద్దీ చెక్క కదులుతుంది. వేదికెక్కే ఏ పాత గిటార్‌కైనా ఈ బాధలు తప్పవు.

1998లో పెద్ద మరమ్మతు జరిగింది. ఆస్ట్రేలియా గిటార్ తయారీదారు గ్రెగ్ ఫ్రయర్ అంతకుముందే దీన్ని అణువణువూ కొలిచి మూడు నకళ్లు చేశాడు. మే తన గిటార్‌ను అతని చేతుల్లో పెట్టింది ఆ తర్వాతే. ఫ్రయర్ దాన్ని కొత్తదానిలా మార్చేయలేదు, అరిగిన చోట్ల మాత్రమే చెయ్యి పెట్టాడు. అసలైన సంరక్షణంటే అదే. నాలుగేళ్లకు, 2002 జూన్‌లో, ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి 50 ఏళ్లయిన సందర్భంగా బకింగ్‌హామ్ రాజభవనం కప్పు మీద నిలబడి మే బ్రిటన్ జాతీయగీతం వాయించింది ఈ గిటార్ మీదే.