తడి రోడ్డుపై మోటారు సైకిలు బ్రేకు వేయు విధానం

తడి రోడ్డుపై మోటారు సైకిలుకు బ్రేకు వేయడం అంటే, వాన నీటి వలన టైరుకూ రోడ్డుకూ మధ్య తగ్గిపోయిన పట్టును మించకుండా, చక్రాలు బిగుసుకుపోకుండా వాహన వేగాన్ని తగ్గించడం. వాహనం కదులుతుండగానే చక్రం తిరగడం మానివేయడాన్ని ఇక్కడ చక్రం బిగుసుకుపోవడం అంటున్నాము. కారు చక్రాలు బిగుసుకుపోతే కారు జారుతుంది కాని నాలుగు చక్రాలపై నిలిచే ఉంటుంది. మోటారు సైకిలు మాత్రం చక్రాలు తిరుగుతున్నంతసేపే నిలబడగలదు. ముందు చక్రం బిగుసుకుపోయిన వాహనం ఒక సెకను లోపే నేలకూలవచ్చు. భారతదేశంలో అమ్ముడయ్యే మోటారు సైకిళ్ళలో సాధారణంగా కుడిచేతి లివరు ముందు బ్రేకును, కుడికాలి పెడలు వెనుక బ్రేకును పనిచేయిస్తాయి. గేర్లు లేని స్కూటర్లలో వెనుక బ్రేకు ఎడమచేతి లివరుకు ఉంటుంది.

తడి వలన కలిగే మార్పు

పొడిగా ఉన్న తారు రోడ్డుపై టైరు ఘర్షణ గుణకం సుమారు 0.7 నుండి 0.9 వరకు ఉంటుంది. తడిసిన అదే రోడ్డుపై ఇది 0.4 నుండి 0.6 వరకు పడిపోతుంది. బ్రేకు వేసిన తరువాత వాహనం ప్రయాణించే దూరం వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలోను, ఘర్షణ గుణకానికి విలోమానుపాతంలోను ఉంటుంది. గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్ళే వాహనం, రెండు బ్రేకులనూ పూర్తిగా వాడుకుంటే, గుణకం 0.8 ఉన్నచోట దాదాపు 18 మీటర్లలోను, 0.5 ఉన్నచోట దాదాపు 28 మీటర్లలోను ఆగుతుంది. అడ్డంకిని చూసి బ్రేకు అందుకోవడానికి ఒక సెకను పట్టినదనుకుంటే, ఆ సెకనులో వాహనం మరో 17 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అనగా మొత్తం దూరం పొడి రోడ్డుపై 35 మీటర్లు, తడి రోడ్డుపై 45 మీటర్లు. అదే తడి రోడ్డుపై 40 కి.మీ. వేగంతో వెళితే ఈ మొత్తం 24 మీటర్లకు తగ్గుతుంది. వానలో వేగం తగ్గించమని చెప్పడానికి కారణం ఈ లెక్కే.

వాన పడిన రోడ్లన్నీ ఒకే తీరుగా జారవు. చాలా రోజుల ఎండ తరువాత పడే మొదటి జల్లు అన్నిటికంటే ప్రమాదకరం. వాహనాల నుండి కారిన నూనె, టైర్ల నుండి అరిగిన రబ్బరు పొడి, దుమ్ము ఆ కొద్దిపాటి నీటితో కలిసి పలుచని జిగురు పొరగా మారతాయి. వాన గట్టిగా కొంతసేపు కురిస్తే ఈ పొర చాలావరకు కొట్టుకుపోయి పట్టు కొంత మెరుగవుతుంది. తెలుగు ప్రాంతాలలో నైరుతి ఋతుపవనాలు ప్రవేశించే జూన్ మాసపు తొలి జల్లులు ఇటువంటివే.

ముందు బ్రేకు, వెనుక బ్రేకు

వానలో ముందు బ్రేకు ముట్టుకుంటే బండి పల్టీ కొడుతుంది, వెనుక బ్రేకు మాత్రమే వాడాలి అన్నది మనవారిలో బాగా పాతుకుపోయిన నమ్మకం. బండి నేర్పేవారే చాలామంది ఈ మాట చెబుతారు. ఇందులో సగమే నిజం. ముందు బ్రేకును ఒక్కసారిగా గట్టిగా పట్టుకుంటే చక్రం బిగుసుకుపోయి పడిపోవడం నిజమే. కాని దానిని పూర్తిగా మానివేస్తే వాహనం ఆగవలసిన చోట ఆగదు.

బ్రేకు వేసినప్పుడు జడత్వం వలన బరువు ముందు చక్రం మీదికి మారుతుంది. ఉదాహరణకు వాహనము, చోదకుడు కలిసి 200 కిలోలు అనుకుందాము. చక్రాల మధ్య దూరం 130 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుండి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనీ, నిలిచి ఉన్నప్పుడు రెండు చక్రాలపై చెరి 100 కిలోల బరువు పడుతున్నదనీ తీసుకుందాము. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రంపై సుమారు 174 కిలోలు, వెనుక చక్రంపై 26 కిలోలు పడతాయి. తడి రోడ్డుపై అంత గట్టిగా ఆపలేము కనుక బరువు కూడా అంతగా మారదు. అక్కడ ఈ పంపకం సుమారు 146, 54 కిలోలుగా ఉంటుంది.

దీని నుండి రెండు విషయాలు తెలుస్తాయి. తడిలో వెనుక బ్రేకు వాటా పొడి రోడ్డు మీదికంటే రెట్టింపు అవుతుంది, కనుక దానిని వదలరాదు. అయినా ఆపే శక్తిలో నాలుగింట మూడు వంతులు ముందు చక్రం వద్దనే ఉన్నది. పైన చెప్పిన వాహనాన్నే తడి రోడ్డుపై 60 కి.మీ. వేగం నుండి కేవలం వెనుక బ్రేకుతో ఆపితే, చక్రం బిగుసుకుపోకపోయినా, దాదాపు 70 మీటర్లు పడుతుంది. రెండు బ్రేకులూ సరిగా వాడితే 28 మీటర్లు చాలు. మధ్యలో ఉన్న 42 మీటర్లలో ఒక బస్సో, రోడ్డు దాటుతున్న మనిషో ఉండవచ్చు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించి 1981లో వెలువడిన హర్ట్ నివేదిక కూడా ఇదే లోపాన్ని గుర్తించింది. ప్రమాదం ఎదురైనప్పుడు ఎక్కువమంది వెనుక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జారనిచ్చారు, ముందు బ్రేకును చాలినంతగా వాడలేదు.

బ్రేకు వేయు పద్ధతి

ముందుగా యాక్సిలరేటరు వదిలి, వాహనాన్ని నిటారుగా, హ్యాండిలును తిన్నగా ఉంచాలి. వెనుక బ్రేకును మెల్లగా తొక్కుతూ, దాదాపు అదే సమయంలో ముందు లివరును వేళ్ళతో పిండినట్లుగా క్రమంగా నొక్కాలి. మొదటి క్షణంలో నొక్కు చాలా తేలికగా ఉండాలి. బరువు ముందుకు మారి ముందు టైరు రోడ్డుకు అదుముకున్న తరువాత దానికి పట్టు పెరుగుతుంది, అప్పుడు ఒత్తిడి పెంచవచ్చు. లివరును గుంజి పట్టుకొనేవారికి ఈ వ్యవధి దొరకదు, వారు పడిపోవడానికి కారణం ఇదే. గేర్లను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ క్లచ్చిని నిదానంగా వదలాలి. పై గేరు నుండి ఒకేసారి కింది గేరుకు దింపి క్లచ్చి వదిలితే, బ్రేకు తొక్కకపోయినా వెనుక చక్రం జారుతుంది.

ముందు చక్రం బిగుసుకుపోయినట్లు తోచిన వెంటనే లివరు వదిలి, మరల మెల్లగా నొక్కాలి. వెనుక చక్రం జారితే చూపును, హ్యాండిలును ముందుకే ఉంచి పెడలును కొద్దికొద్దిగా వదలాలి. వాహనం పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఒక్కసారిగా వదిలితే చక్రానికి హఠాత్తుగా పట్టు దొరికి చోదకుడిని పైకి విసరివేయగలదు.

మలుపులో టైరు పట్టులో కొంత భాగం వాహనాన్ని తిప్పడానికే ఖర్చవుతుంది. అందువలన మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

జారుడు చోట్లు

రోడ్డుపై తెల్లరంగు చారలు, మ్యాన్‌హోలు మూతలు, ఫ్లైఓవర్ల ఇనుప అతుకులు, రైలు గేట్ల వద్ద పట్టాలు తడిసినప్పుడు తారు కంటే చాలా ఎక్కువగా జారతాయి. పల్లె రోడ్లపై ట్రాక్టరు చక్రాలు మోసుకొచ్చిన నల్లరేగడి మట్టి కూడా అంతే. ఇటువంటి వాటిపై బ్రేకు వేయకుండా, నిటారుగా దాటి, అవతల వేయడం మేలు. పట్టాలను వీలైనంత అడ్డంగా దాటాలి.

లోతు నీటిలో నుండి వచ్చిన వెంటనే బ్రేకులు సరిగా పట్టవు. డిస్కు బ్రేకులో నీటి పొర త్వరగానే తొలగిపోతుంది. డ్రమ్ము లోపలికి చేరిన నీరు మాత్రం అంత సులభంగా పోదు. వెనుక వాహనాలు లేవని చూసుకొని, కొంతదూరం నెమ్మదిగా నడుపుతూ బ్రేకులను తేలికగా నొక్కి ఉంచితే ఆ వేడికి ఆరిపోతాయి.

యాంటీ లాక్ బ్రేకులు

చక్రం బిగుసుకుపోబోతున్నదని గ్రహించి బ్రేకు ఒత్తిడిని సెకనులో అనేకసార్లు తగ్గించి పెంచే ఏర్పాటును యాంటీ లాక్ బ్రేకు లేదా ఏబీఎస్ అంటారు. 1958లో బ్రిటన్‌లోని రోడ్డు పరిశోధనా సంస్థ, విమానాల కొరకు డన్‌లప్ తయారుచేసిన మ్యాక్సరెట్ పరికరాన్ని ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్‌కు అమర్చి పరీక్షించింది. జారుడు నేలపై మంచి ఫలితాలు వచ్చినా అది అప్పట్లో ఉత్పత్తికి నోచుకోలేదు. 1988లో బీఎండబ్ల్యూ సంస్థ కె100 మోటారు సైకిలుపై ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను ప్రవేశపెట్టింది. భారతదేశంలో 125 సి.సి.కి మించిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి ఏబీఎస్ గాని, ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పనిచేసే కంబైండ్ బ్రేకు గాని ఉండాలన్న నిబంధన కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ 1 నుండి, అప్పటికే తయారవుతున్న నమూనాలకు 2019 ఏప్రిల్ 1 నుండి అమలైంది.

సింగిల్ ఛానల్ ఏబీఎస్ సాధారణంగా ముందు చక్రానికే ఉంటుంది, అటువంటి వాహనంలో వెనుక చక్రం ఎప్పటిలాగే బిగుసుకుపోగలదు. కంబైండ్ బ్రేకు శక్తిని రెండు చక్రాలకు పంచుతుందే గాని బిగుసుకుపోవడాన్ని ఆపదు. ఇక ఏబీఎస్ ఉన్నదైనా రోడ్డుకు లేని పట్టును తెచ్చిపెట్టలేదు. పైన లెక్కించిన 28 మీటర్లు ఆ వాహనానికీ అవసరమే.