వేగుచుక్కకు నాలుగు నెలలు, కుజుడికి పది నెలలు

కుజదోషం అనే మాట మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆ పేరుతో ఎందరో ఆడపిల్లల సంబంధాలు వెనక్కి పోయాయి. ఇంతకీ ఆ కుజుడు ఎవరు? మంగళుడు అన్నా, అంగారకుడు అన్నా అదే. ఆకాశంలో ఎర్రగా కనబడే చుక్క. దగ్గరికి పోయి చూస్తే చుక్క కాదు, మన భూమి లాంటిదే ఒక గుండ్రటి నేల. భూమి కంటే చిన్నది. అక్కడి మట్టిలో తుప్పు పట్టిన ఇనుము ఉంది. అందుకే ఆ ఎరుపు.

మన దేశం అక్కడికి ఒక యంత్రాన్ని పంపింది. పేరు మంగళ్‌యాన్. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి రాకెట్ మీద లేచింది. కొన్నాళ్ళు భూమి చుట్టూ తిరిగి, డిసెంబరు 1న భూమిని వదిలింది. 2014 సెప్టెంబరు 24న కుజుడిని చేరింది. అంటే దాదాపు 10 నెలల ప్రయాణం.

బాగా దగ్గరకు వచ్చినప్పుడు కుజుడు మనకు సుమారు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. మంగళ్‌యాన్ మాత్రం 65 కోట్ల కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఎందుకు?

పాత రోజుల్లో కల్లంలో గుంజ చుట్టూ ఎడ్లను తిప్పి వరి నూర్చేవాళ్ళు. గుంజ పక్కనున్న ఎద్దు మెల్లగా నడిచేది. చివరి ఎద్దు ఉరికేది. అన్నిటినీ కలిపి కట్టారు కదా! సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలను అట్లా ఎవరూ కట్టలేదు. అక్కడ లెక్క తిరగబడుతుంది. సూర్యుడికి దగ్గరగా ఉన్నది జోరుగా ఉరకాలి. లేకపోతే సూర్యుడు లాగేసుకుంటాడు. దూరంగా ఉన్నదాని మీద ఆ లాగుడు తక్కువ. అది నిదానంగా తిరుగుతుంది.

వేగుచుక్క అని మనం పిలిచే శుక్రుడు సెకనుకు 35 కిలోమీటర్లు పోతాడు. భూమి 30. కుజుడు 24. సెకను అంటే ‘నిడమనూరు’ అని నోటితో అనేంత సేపు. అంతలోనే భూమి మనల్ని మోసుకుని, నిడమనూరు నుంచి మిర్యాలగూడ దాటేంత దూరం పోతుంది. మనం, మన ఇండ్లు, కుండలో నీళ్ళు అన్నీ కలిసే పోతున్నాయి. అందుకే మనకు తెలియదు.

చేను గట్టు మీదున్న మనిషికి దూరంగా రోడ్డు మీద బస్సు కనబడింది అనుకోండి. బస్సు ఉన్న చోటికి ఉరికితే దొరుకుతుందా? అది రాబోయే స్టేజీకి అడ్డం పడి పోవాలి. మంగళ్‌యాన్ చేసింది అదే. కుజుడు ఉన్న చోటికి కాదు, పది నెలల తర్వాత ఉండబోయే చోటికి బయలుదేరింది.

తిన్నగా పోవడానికీ కుదరదు. భూమి మీద నుంచి లేచిన యంత్రానికి భూమి పరుగు ముందే ఉంటుంది. దానికి ఇంకొంచెం జోరు కలిపితే, సూర్యుడి చుట్టూ వంపు తిరుగుతూ మెల్లమెల్లగా బయటికి జరుగుతుంది. సుమారు సగం చుట్టు తిరిగాక కుజుడి బాట తగులుతుంది. అదే గడియకు కుజుడూ అక్కడికి రావాలి. ఆ అదను 26 నెలలకు ఒకసారే వస్తుంది. నాట్ల అదను తప్పితే ఏమవుతుందో మన ఆడవాళ్ళకు చెప్పాలా?

అడ్డదారిన పోవాలంటే ఇంధనం చాలా కావాలి. మంగళ్‌యాన్ బరువు 1,337 కిలోలు. అందులో ఇంధనమే 852 కిలోలు.

చేరే రోజే అసలు గండం. కుజుడి దగ్గర వేగం తగ్గించకపోతే యంత్రం దాటిపోతుంది, మళ్ళీ చేతికి రాదు. వేగం తగ్గించే ఇంజను సుమారు 300 రోజులు పని లేకుండా పడి ఉంది. రెండు రోజుల ముందు దాన్ని 4 సెకన్లు నడిపి చూశారు. పలికింది. ఇక్కడి నుంచి మాట అక్కడికి చేరడానికే 12 నిమిషాలు పడుతుంది. అందుకే చేయాల్సిన పనులన్నీ దానికి ముందే చెప్పి ఉంచారు. ఆ పొద్దున ఇంజను సుమారు 23 నిమిషాలు మండింది. కబురు వచ్చేదాకా బెంగుళూరులో అందరూ ఊపిరి బిగబట్టారు. ఈ పని నడిపిన శాస్త్రవేత్తల్లో నందినీ హరినాథ్, రీతూ కరిధాల్ అనే ఆడవాళ్ళూ ఉన్నారు. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న యంత్రం 2022 దాకా మాట్లాడింది.

శుక్రుడు కొంత దగ్గర. 1962లో అమెరికా పంపిన మారినర్-2 మూడున్నర నెలల్లో దాని పక్కకు పోయింది. సాధారణంగా నాలుగు నెలల పైన పడుతుంది.

మరి మనిషి కుజుడి మీదికి పోయి రావాలంటే? తక్కువ ఇంధనంతో పోయే దారిలో పోను తొమ్మిది నెలలు, రాను తొమ్మిది నెలలు. దిగగానే వెనక్కి తిరగడానికీ లేదు. భూమి మళ్ళీ అదనుకు వచ్చేదాకా అక్కడే సుమారు 15 నెలలు కాచుకోవాలి. అన్నాళ్ళకు సరిపడా తిండి, నీళ్ళు, పీల్చే గాలి ఎట్లా అన్నదే ఇప్పుడు శాస్త్రవేత్తలు తేల్చుకుంటున్న లెక్క.