జాస్ (పడవ విహారం)

జాస్ అనేది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఓర్లాండో నగరంలో గల యూనివర్సల్ స్టూడియోస్ వినోద వనంలో ఉండిన ఒక పడవ విహారం. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వంలో 1975లో విడుదలైన ఇదే పేరు గల చలనచిత్రం దీనికి ఆధారం. 1990 జూన్ 7న ఆ వనంతో పాటే ఇదీ ప్రారంభమైంది.

విరమించిన రూపకల్పన

తొలి రూపకల్పనలో యాంత్రిక సొరచేప పడవను పళ్ళతో పట్టి వెనుకకు తిప్పివేసేది. చివరన పడవ నడిపేవారు ప్రేల్చిన గ్రెనేడుతో సొరచేప లోపలినుండి ప్రేలిపోయి నీరు ఎర్రబడేది. ఇందుకు బరువైన యంత్రం నీటి అడుగున వేగంగా కదులుతూ, పడవ వచ్చిన క్షణానికే దానిని అందుకోవాలి. ఏ కాస్త తేడా వచ్చినా దృశ్యమంతా చెడిపోతుంది. సినిమా చిత్రీకరణలో కూడా సముద్రపు ఉప్పునీటిలో యాంత్రిక సొరచేప పదేపదే మొరాయించింది. అయితే అక్కడ దర్శకుడు దానిని ఎక్కువగా చూపకుండానే భయపెట్టగలిగాడు, విహారంలో ఆ వెసులుబాటు లేదు. తరచు మరమ్మతులకు రావడంతో కొద్ది నెలలకే దీనిని మూసివేశారు. నిర్మాణ సంస్థపై యూనివర్సల్ దావా వేసింది.

1993లో తిరిగి తెరచినప్పుడు ఆ రెండు దృశ్యాలూ లేవు. సొరచేప అధిక విద్యుత్తు తీగను కొరికి చనిపోయేలా ముగింపును మార్చారు. ఇది 1978 నాటి జాస్ 2 ముగింపును పోలినది. ఓర్లాండో విహారం 2012 జనవరి 2న శాశ్వతంగా మూతపడింది. ఆ స్థలంలో 2014లో హ్యారీ పాటర్ కథలలోని డయాగన్ అల్లీ వెలసింది.