రెండు కార్డులు, రెండు గడియారాలు

మీ కంప్యూటర్‌కు రెండు సౌండ్ కార్డులు ఉన్నాయనుకోండి. పాటను ఒకదానితో, తబలాను రెండోదానితో ఒకేసారి రికార్డు చేశారు. మొదట్లో రెండూ చక్కగా కలుస్తాయి. గంట గడిచేసరికి తాళం తప్పుతుంది! ఎందుకని?

సౌండ్ కార్డు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లో, 48,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఈ వేగాన్ని నిలిపేది అందులోని క్వార్ట్జ్ స్ఫటికం కంపనాలు. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కంపించవు. తేడా లక్షకు 5 కంపనాలే అనుకుందాం. గంటకు 3,600 సెకన్లు కదా, లెక్క కట్టి చూడండి: 0.18 సెకను ఎడం! చెవి దాన్ని ఇట్టే పసిగడుతుంది.

అందుకే రెండు మైకులనూ ఒకే కార్డుకు కలపాలి. వినడానికి మాత్రమైతే ఈ చిక్కు లేదు. ఏ కార్డు పలకాలో సెట్టింగులలో ఎంచుకుంటే చాలు.